అద్దంలో పడని సైకిలు

నేను రిటైరైన రోజున కాలేజీవాళ్లు నాకు శాలువా కప్పి, ఒక్క యాక్సిడెంటు కూడా చెయ్యని డ్రైవరని మైకులో పొగిడారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టి కూర్చున్నాను. ఆ మాట నిజం కాదని ఆ షామియానా కింద ఉన్నవాళ్లలో నాకూ, మా ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జికీ, పాత డ్రైవర్లకీ, పొగిడినవాళ్లకీ తెలుసు. పోలీసు కాగితాల్లోకి ఎక్కలేదు కాబట్టి అది యాక్సిడెంటు కాకుండా పోయింది, అంతే. ఈ మధ్య కొత్తగా స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు కొందరు నన్ను సలహాలు అడుగుతున్నారు. సలహాలకన్నా ఆ ఒక్క సంగతి చెప్పడమే మేలనిపించి రాస్తున్నాను.

మాది తిరువూరు. కొన్నేళ్లు లారీలు తోలి, తర్వాత సర్వీసంతా ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ బస్సు మీదే గడిపాను. పొద్దున్నే గంపలగూడెం దాకా ఖాళీగా వెళ్లి, అక్కడినుంచి పిల్లల్ని ఎక్కించుకుంటూ, పెనుగొలను మీదుగా తిరువూరు వచ్చి కాలేజీలో దింపాలి. సాయంత్రం మళ్లీ అదే దారి. ఏ మలుపులో ఎవరి గేదెలు అడ్డం వస్తాయో, ఏ స్టాపులో ఏ పిల్ల జడ వేసుకుంటూ పరిగెత్తుకొస్తుందో కూడా నాకు తెలుసు. ఆ దారిలో నాకు తెలియంది ఏదీ లేదనుకునేవాణ్ని.

ఒకరోజు పెనుగొలను దాటాక, ముందు రోడ్డు అంచున ఎవరో మడత కుర్చీలో చేరగిలబడి అలాగే జారిపోతున్నట్టు కనిపించింది. దగ్గరికి వెళ్తే అది సైకిలు. ముందు చిన్నపిల్లల సైకిలు చక్రం, వెనక మామూలు చక్రం, రెంటికీ మధ్య నవారు అల్లిన సీటు. అందులో ఒకావిడ వెనక్కి వాలి, కాళ్లు ముందుకి చాపి, తన కాళ్లకి ఎదురుగా ఉన్న పెడల్స్ తొక్కుతోంది. తల మీద తెల్ల హెల్మెట్. చుడీదార్ వేసుకుంది. ఒళ్లో టిఫిన్ క్యారియరు.

బస్సులోని పిల్లలంతా ఫోన్లు పట్టుకుని ఎడమ కిటికీల మీద పడ్డారు. నేను పొడుగ్గా హారన్ కొట్టాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. ఎడమ చెయ్యి ఎత్తి, పొమ్మన్నట్టు ఊపింది.

ఆవిడ తిరువూరు శివార్లలోని ఒక స్కూల్లో లెక్కల టీచరని ఆ సాయంత్రానికే పిల్లలు చెప్పారు. వెన్నుపూసలో డిస్కు జారిందట. స్కూటీ ఎక్కొద్దని, ఆటోల్లో కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పాడట. ఉద్యోగం మానేసి ఇంట్లో పడుకోవడమా, రోజూ నొప్పితో ఏడుస్తూ వెళ్లడమా అనుకుంటుండగా ఫోన్లో ఎక్కడో, నడుము మీద బరువు పడకుండా వెనక్కి వాలి తొక్కే ఇలాంటి సైకిలు చూసిందట. ఆవిడ తమ్ముడికి తిరువూరులో వెల్డింగు షాపు ఉంది. గేట్లు, ట్రాక్టర్ ట్రక్కులు చేస్తాడు. అక్క చూపించిన బొమ్మ చూసి, రెండు పాత సైకిళ్లు కోసి, మూడు చెయిన్లు కలిపి ఒకటి చేసి, నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు అతికించి దాన్ని తయారుచేశాడు.

ఆ తర్వాత రోజూ కనపడేది. రోజూ హారన్ కొట్టేవాణ్ని. నిజం చెప్పాలంటే అది జాగ్రత్త కోసం కాదు, వెనక పిల్లలు నవ్వుతారని. ఒక సాయంత్రం డీజిలు కోసం బంకులో ఆగితే, ఆవిడ సైకిలు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

“అన్నయ్యగారూ, వందనాలండి. రోజూ అంత పెద్ద హారన్ ఎందుకండీ?”

“మీరు అంత కింద ఉంటారు గదమ్మా. కనపడరు. అందుకని.”

“కనపడకపోతే హారన్ ఎవరికి కొడుతున్నారండీ?”

బంకులో పంపు పట్టుకున్నతను నవ్వాడు. నాకు ముఖం చిన్నబోయింది. ఆవిడే మళ్లీ మెల్లగా చెప్పింది. “దూరం నుంచి అందరికీ కనపడతానండి. వింతగా ఉంటుంది గదా, కార్లవాళ్లయితే ముందే స్లో చేసి మరీ చూస్తారు. నాకు భయమల్లా పెద్ద బండి పక్కకొచ్చినప్పుడే. పక్కకొస్తే నేను లేనట్టే మీకు.”

నేను సరే సరే అని ట్యాంకు మూత బిగించి వచ్చేశాను. ఆవిడ చెప్పింది ఒక డ్రైవరుగా నేను బుర్రకెక్కించుకోవాల్సిన మాట. లెక్కల టీచరు నాకు డ్రైవింగు నేర్పుతోందా అన్నది మాత్రమే నా బుర్రకెక్కింది.

పత్తి తీసే రోజులవి. పత్తి ట్రాక్టర్లు మీరు చూసే ఉంటారు. రెండు వైపులా పత్తి కుక్కిన బోరాలు ఉబ్బి, సగం రోడ్డు వాటిదే. ఆ పొద్దున ఒక స్టాపులో ఇద్దరు పిల్లల కోసం ఆగి ఆలస్యమయ్యాను. కొంచెం తొందరలో ఉన్నాను. ముందు తెల్ల హెల్మెట్ కనిపించింది. ఇండికేటరు వేసి, కుడికి తీసి దాటడం మొదలుపెట్టాను. సగం దాటానో లేదో, ఎదురుగా మలుపులోంచి పత్తి ట్రాక్టరు వచ్చింది. ఎడమ అద్దంలోకి చూశాను. ఖాళీ రోడ్డు కనిపించింది. మనిషి తల కనపడలేదు. అద్దంలో తల కనపడకపోతే పక్కన మనిషి లేనట్టేనని అన్నేళ్ల అలవాటు. బస్సుని ఎడమకి లాగేశాను.

చప్పుడేమీ వినపడలేదు. అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది. ఏదో తగిలినట్టు స్టీరింగులో కూడా తెలియలేదు. వెనక సీట్లోంచి ఒక అమ్మాయి అరిచింది. “బాబాయ్, ఆపు! టీచరుగారు పడిపోయారు! ఆపు బాబాయ్!”

బ్రేకు మీద నిలబడ్డాను.

నేను దిగి వెళ్లేసరికి సైకిలు రోడ్డు దిగువన పత్తి చేలో పడి ఉంది. బస్సు ఆవిణ్ని గుద్దలేదు. ఒరుసుకునేంత దగ్గరికి వస్తుంటే చోటు లేక ఆవిడే రోడ్డు దిగిపోయింది. గడ్డం చీరుకుపోయి రక్తం కారుతోంది. ఎడమ మణికట్టు వంకర తిరిగి ఉంది. ఆవిడ అవేవీ చూసుకోవడం లేదు. మట్టిలో వెల్లకిలా పడి తన పాదాలవంకే చూస్తోంది. ముందు ఒక పాదం కదిలించింది. తర్వాత రెండోది.

“కదులుతున్నాయి. దేవుడికి స్తోత్రం,” అంది. అప్పుడు ఏడ్చింది.

క్షణాల్లో జనం పోగయ్యారు. అందరూ నా పక్షమే. “ఆడవాళ్లకెందుకండీ ఈ సర్కస్?” అన్నాడొకాయన. “అంత ఎత్తు బస్సులో కూర్చున్నవాడికి ఇదేం కనపడుద్ది?” అన్నాడు ట్రాక్టరాయన. ఆ మాట నాకు ఊతమిచ్చింది. “నాకు కనపడలేదండీ. అసలు కనపడలేదు,” అన్నాను. అడిగినవాళ్లకీ చెప్పాను, అడగనివాళ్లకీ చెప్పాను. టీచరుగారు నా ముఖంవైపు ఒకసారి చూసింది. వెనక సీటు అమ్మాయి, ఆమె స్నేహితురాళ్లు కలిసి ఆవిణ్ని ఎత్తి మా బస్సులోనే పడుకోబెట్టారు. అలాగే తిరువూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను.

మా ఇన్‌చార్జి గురించి చెప్పాలి. లారీ రోజుల్లో ఇద్దరం ఒకే క్యాబిన్‌లో తిన్నాం, పడుకున్నాం. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా అతనే. అరుపులెక్కువ, మనసు మంచిది. ఆ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి తనే ఒక కాగితం రాశాడు. ‘సైకిలు ఎత్తు తక్కువ కావడం వల్ల, ముందు నుంచి గాని పక్క నుంచి గాని నాకు కనపడలేదు.’ నేను సంతకం పెట్టాను. అప్పటికి నేను కూడా ఆ మాట నమ్ముతున్నాను.

వారం తర్వాత టీచరుగారు చేతికి కట్టుతో, తమ్ముణ్ని తీసుకుని కాలేజీకి వచ్చింది. మా ఇన్‌చార్జి నన్నూ పిలిపించి, వాళ్లకి కుర్చీలు వేయించి, టీ తెప్పించి, మర్యాదగా మొదలుపెట్టాడు.

“చూడమ్మా, మీరు కనపడలేదని మా డ్రైవరు రాసిచ్చాడు. ఇరువైపులా గొడవలొద్దు. మీరు కంప్లయింటు ఇవ్వొద్దు. ఇకనుంచి ఆ సైకిలు మెయిన్ రోడ్డు మీదికి తీసుకురానని ఒక్క ముక్క రాసివ్వండి. మీ మంచికే చెప్తున్నా. మీ హెడ్మాస్టరుగారు కూడా అదే అంటున్నారంట గదా?”

తమ్ముడు లేవబోయాడు. “అంటే మా అక్క ఉద్యోగం మానుకోవాలాండీ? ఇంకెట్టా ఎల్తది?”

“నువ్వు కూర్చోరా,” అంది ఆవిడ. నా కాగితం అడిగి తీసుకుని చదివింది. విద్యార్థి చేసిన లెక్క చూస్తున్నట్టు ఒక్కో లైనూ చదివింది. తర్వాత నావైపు తిరిగింది.

“అన్నయ్యగారూ, నన్ను దాటే ముందు మీరు కుడివైపు ఇండికేటరు వేశారు గదా? నా సైకిలుకి చిన్న అద్దం ఉందండి. అందులో చూశాను.”

“వేశానమ్మా.”

“ఎవర్ని దాటడానికి వేశారండీ? అప్పుడు మీ ముందు రోడ్డు మీద నేను తప్ప ఎవరూ లేరు.”

మా ఇన్‌చార్జి బల్ల కింద నా కాలు తొక్కాడు. నోరు మూసుకోమని. నాకప్పటికి ఇంకా మూడేళ్ల సర్వీసుంది. చిన్న కూతురు చదువు పూర్తి కాలేదు. ఇవన్నీ ఆ నిమిషంలో గుర్తొచ్చాయి. వాటితోపాటే, పత్తి చేలో పడి తన పాదాలు కదులుతాయో లేదో చూసుకుంటున్న ఆవిడ ముఖం కూడా గుర్తొచ్చింది.

“చూశానమ్మా,” అన్నాను. “దూరం నుంచే చూశాను. చూసే దాటాను. ట్రాక్టరు ఎదురొచ్చేసరికి మిమ్మల్ని మర్చిపోయాను. అద్దంలో పడలేదన్నది నిజమే. కానీ అద్దం చూసే ముందే మీరు పక్కనున్నారని నాకు తెలుసు.”

“నీకేమైనా మతి పోయిందా?” అన్నాడు మా ఇన్‌చార్జి.

ఆవిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. “నేను కంప్లయింటు ఇవ్వనండి. సైకిలు మాత్రం మానను. నాది ఒకటే కోరిక. మీ డ్రైవర్లందరూ ఒక్కసారి నా సైకిల్లో పడుకుని, పక్కన మీ బస్సు నిలబెట్టుకుని చూడండి. అంతే.”

వాళ్లు వెళ్లాక మా ఇన్‌చార్జి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. “నీ కోసం రాశాన్రా ఆ కాగితం!” అన్నాడు చివరికి. ఆ మాటలో కోపంకన్నా బాధ ఎక్కువుంది. మేనేజ్‌మెంటుకి సంగతి చెప్పక తప్పలేదు. నన్ను బస్సు దింపి షెడ్డులో వేశారు. బస్సులు కడగడం, గ్రీజు పెట్టడం, టైర్లలో గాలి చూడటం. నా రూటు కుర్ర డ్రైవరొకడికి ఇచ్చారు. అతను నా ముందు తాళం తీసుకోవడానికి సిగ్గుపడి, నేను నీళ్లు పడుతుంటే వెనకనుంచి వచ్చి తీసుకునేవాడు. మా ఇన్‌చార్జి నాతో మాట్లాడటం మానేశాడు. ఆ రోజుల్లో నేను సుఖంగా ఉన్నానని చెప్పను. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టింది.

టీచరుగారి కోరికకి మేనేజ్‌మెంటు ఒప్పుకుంది. రెండో శనివారం స్కూళ్లకి సెలవు. టీచరుగారి తమ్ముడు బాగుచేసిన సైకిలుని ఆటో ట్రాలీలో వేసుకుని మా కాలేజీ గ్రౌండుకి తెచ్చాడు. ఆవిడ కట్టు చేతితోనే వచ్చింది. ఉన్న ఐదుగురు డ్రైవర్లం ముసిముసి నవ్వులతో చేరాం. మా ఇన్‌చార్జి అందరికన్నా దూరంగా నిలబడ్డాడు. ముందు ఎవరెక్కుతారంటే ఎవరూ కదల్లేదు. నేనే ఎక్కాను.

వెనక్కి వాలగానే ఆకాశం కనిపించింది. నవారు సీటు హాయిగా ఉంది. తమ్ముడు సైకిలుని పట్టుకుని తోసుకుంటూ నా బస్సు ఎడమ పక్కకి తీసుకెళ్లాడు. బస్సు వెనక చక్రం నా ముఖానికి ఎదురుగా వచ్చింది. అన్నేళ్లుగా రోజూ కాలితో తన్ని గాలి చూసుకున్న చక్రమే అది. ఆ రోజు దాని నట్లు నా కళ్ల ఎత్తున, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నాయి. ఇంజను స్టార్టు చేశారు. చక్రం కదల్లేదు గాని, దాని పక్కన నేల అదరడం నవారులోంచి నా వీపుకి తెలిసింది. నేను అరిచి ఆపమనబోయాను.

అప్పుడు పైనుంచి కేక వినిపించింది. డ్రైవరు సీట్లో ఎక్కింది మా ఇన్‌చార్జి. ఎప్పుడెక్కాడో నేను చూడలేదు.

“ఏడ్రా వీడు? ఎటు పోయాడు?”

“ఇక్కడే ఉన్నా!” అన్నాను.

“ఎక్కడ? అద్దంలో లేవు!”

“నీ చక్రం పక్కన!”

అతను ఇంజను ఆపేశాడు. పక్కకి వంగి, అద్దంలోకి మళ్లీ చూసి, సీటు మీద లేచి నిలబడి చూశాడు. చివరికి దిగి, బస్సు చుట్టూ తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు. చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడాడు. “ఒరేయ్, నువ్వు ఇంత దగ్గరున్నావా?”

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. వాలీబాల్ కోర్టుకి గీసే సున్నం తెచ్చి, సైకిలు ఎక్కడెక్కడ మాయమవుతుందో నేల మీద గీశాం. ముందు తలుపు దగ్గర మొదలై వెనక చక్రం దాకా, రెండు మంచాలు వరసగా వేసినంత చోటు. టీచరుగారు నోటుబుక్కులో బొమ్మ వేసి, ఒక్కొక్కరినీ పైకెక్కించి, కిందకి దింపి, ఎవరికి ఎక్కడ కనపడుతోందో రాసుకుంది. పొట్టి డ్రైవరుకి ఇంకా ఎక్కువ చోటు కనపడదని అప్పుడే తెలిసింది. ఎడమ అద్దాన్ని కొంచెం కిందికి వంచాం. దాని కింద ఉబ్బెత్తు అద్దం ఇంకోటి బిగించాలని మా ఇన్‌చార్జి అక్కడికక్కడే రాసుకున్నాడు. తమ్ముడు సైకిలు వెనక ఒక సన్నటి ఫైబరు కర్ర నిలబెట్టి, దాని చివర నారింజ రంగు గుడ్డ కట్టాడు. మళ్లీ సైకిలుని సున్నం గీతల్లోకి తోశాం.

“వచ్చింది, వచ్చింది! జెండా వచ్చింది!” అని మా ఇన్‌చార్జి సీట్లోంచి అరిచాడు. అంత వయసు మనిషి అలా సంబరపడటం నేనెప్పుడూ చూడలేదు.

టీచరుగారు మాత్రం నావైపు చూసి అంది. “జెండా కనపడుతుంది, సంతోషమండి. చూశాక మర్చిపోకుండా ఉండటానికి ఏం కడతారు?”

షెడ్డులో బస్సులు కడుగుతూ ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. దొరికిన జవాబు చాలా చిన్నది. చెప్పుకోవడానికి సిగ్గుగా కూడా ఉంటుంది. పైకి అనడమే. ఎవర్నైనా దాటేటప్పుడు ‘ఉన్నారు, ఉన్నారు’ అని నోటితో అంటూ ఉండాలి. వాళ్లు వెనక అద్దంలోకి వచ్చాకే ఆపాలి. నోరు పలుకుతున్నంతసేపూ బుర్ర మర్చిపోదు. మీకు నవ్వు రావచ్చు. నవ్వుకుంటూనే చేసి చూడండి.

రెండు నెలల తర్వాత బస్సు మళ్లీ నా చేతికిచ్చారు. టీచరుగారి కట్టు కూడా అప్పటికే విప్పారు. మొదటిరోజు ఆ నారింజ గుడ్డ దూరంనుంచి కనపడగానే వేగం తగ్గించాను. “ఉన్నారు, ఉన్నారు,” అని గొణుగుతూ దాటాను. ముందు సీట్లో పిల్లలు విన్నారు. నాలుగు రోజులు గడిచేసరికి బస్సు బస్సంతా అందుకుంది. “ఉన్నారు... ఉన్నారు...” అని నలభైమంది పాడేవాళ్లు. ఆ రోజు అరిచిన అమ్మాయి వెనక కిటికీ అద్దంలోంచి చూసి, “దాటేశాం బాబాయ్!” అనేది. అప్పుడు నేను ఎడమకి వచ్చేవాణ్ని. టీచరుగారికి ఈ పాట వినపడేదేమో, నవ్వుతూ చెయ్యి ఊపేది. మా మిగతా బస్సుల్లో కూడా అది పాకింది. కొత్త డ్రైవరు ఎవరు చేరినా, తాళం ఇచ్చే ముందు మా ఇన్‌చార్జి అతన్ని బస్సు పక్కన నేల మీద కూర్చోబెట్టి, తను సీట్లో ఎక్కి “ఏడ్రా, కనపడవే!” అని అరిచేవాడు. ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు.

ఒక్క రోజు సంగతి చెప్పి ముగిస్తాను. వర్షాలు మొదలయ్యాయి. దారిలో వాగు మీద ఇరుకు వంతెన ఒకటుంది. అంచులు గుంటలుపడి, వాటి నిండా నీళ్లు నిలిచాయి. టీచరుగారు మాకు కొంచెం ముందు వెళ్తోంది. వంతెన దగ్గరకొచ్చాక తన అద్దంలో మమ్మల్ని చూసిందేమో, కుడిచెయ్యి చాపి, అరచెయ్యి వెనక్కి తిప్పి, ఆగమన్నట్టు పట్టుకుంది. తర్వాత అంచు వదిలి నడిరోడ్డు మీదికి వచ్చేసింది.

అంతకుముందు అయితే నేను హారన్ మీంచి చెయ్యి తీసేవాణ్ని కాదు. గేరు మార్చి, ఆవిడ వెనక నడక వేగంతో బస్సు పోనిచ్చాను. నా వెనక ఒక లారీ, దాని వెనక రెండు కార్లు, ఆటోలు. లారీవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. కాలేజీకి టైమైపోతోంది. బస్సులో ఒక్కరు కూడా తొందరపెట్టలేదు. అంత పెద్ద బస్సు ముందు, దాని బంపరుకన్నా కిందగా, నవారు సీట్లో వెనక్కి వాలి ఆవిడ గుంటలు తప్పించుకుంటూ తాపీగా తొక్కుతోంది. వంతెన దాటేంతవరకూ ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.